మడిచిన బొటనవేలు

సీతారాం సార్‌కి డాక్టర్ బిరుదు ఎవరిచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు. చార్మినార్ దగ్గరి షా అలీ బండలో బియ్యం దుకాణం మీది గది అద్దెకు తీసుకుని, ఆక్యుప్రెషర్, షియాట్సు శిక్షణ కేంద్రం అని తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో బోర్డు రాయించాడు. బోర్డు మీద కాస్త చోటు మిగిలితే పెయింటరే తోచినట్టు డాక్టర్ అని నింపి ఉంటాడు. మనిషి ఉప్పుగూడలో పుట్టి పెరిగినవాడే. కానీ కొన్నాళ్లు బొంబాయిలో ఉండి వచ్చాడని మాతో పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు. పాన్‌డబ్బా దాకా వెళ్లాలన్నా తెల్లకోటు వేసుకునే వెళ్లేవాడు.

మేం ఆయనకు వాడిక పాలు పోసేవాళ్లం. ఎనభై ఆరు ఎండాకాలం మొదట్లో ఒకరోజు పాలు పోస్తుంటే ఆయన గిన్నె వైపు చూడలేదు, నా చేతి వైపు చూశాడు.

"ఈ వేళ్లు చాలా అపురూపమైనవమ్మా" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. క్యాను మూత చప్పుడయ్యేలా వేసి, "పాలు తక్కువైనయా సార్?" అన్నాను.

ఆయన కంగారుపడి అసలు సంగతి చెప్పాడు. నడుం నొప్పులని, మెడ నొప్పులని ఆడవాళ్లు మెట్లెక్కి వస్తున్నారట. నొక్కేది మగవాడని తెలియగానే అదే మెట్లు దిగి వెళ్లిపోతున్నారట. ఒక ఆడపిల్ల కావాలి. ఫీజు లేకుండా నేర్పుతాడు. వానాకాలంలో బొంబాయి నుంచి పరీక్షలు పెట్టే మేడం వస్తుంది, ఆమె దగ్గర పాసైతే సర్టిఫికెట్ ఇస్తారు. అది ఉంటే ఊరి బయట కొత్తగా కడుతున్న ప్రకృతి చికిత్సాలయంలో ఆడవాళ్ల వైపు నౌకరీ ఖాయం.

నాకు ఆయన మీద నమ్మకం కలగలేదు. నౌకరీ మీద మాత్రం ఆశ పుట్టింది.

జహనుమాలో మా ఇంటికి ముందు రెండు గదులు, వెనకాల బర్రెల కొట్టం. కొట్టం ఇంటికన్నా పెద్దది, మా బాపు మొగులయ్య లెక్కలో ఇంటికన్నా ముఖ్యమైనది కూడా. పొద్దున, సాయంత్రం బర్రెల్ని పిండేది నేనే. మేత, కుడితి, బేరాలు బాపువి. ఒకప్పుడు ఆయనే పిండేవాడు. పిల్ల చేతికి అలవాటు కావాలని ఒకనాడు బకెట్ నాకు ఇచ్చాడు, మళ్లీ తీసుకోలేదు. నాకు సంబంధాలు వస్తూనే ఉండేవి. నాకు నచ్చినవాడు ఒక్కడూ రాలేదు. నేను నచ్చానన్న వాళ్లకు నిజానికి మా బర్రెలు నచ్చాయి. ఆ కొట్టం నుంచి, ఆ వాసన నుంచి, ఎవరో ఒకరి బర్రెల కిందే నా బతుకు తెల్లారడం నుంచి బయటపడాలి. నాకు కావలసింది అదొక్కటే.

అన్నం దగ్గర చెప్పాను. మా అన్న ఎల్లప్ప నవ్వాడు. బస్సు డిపోలో గుమాస్తా. చేతికి పేడ అంటకుండా బర్రె పాలన్నీ తాగి పెరిగినవాడు.

"మాలీష్ నేర్చుకుంటదంట బాపూ. చార్మినార్ కాడ నూనె సీసాలు గలగల ఆడిచ్చుకుంట తిరుగుతరు జూడు, గట్ల" అన్నాడు.

"మాలీష్ గాదు. వేళ్లతోటి నొక్కుడు. జపాను విద్య" అన్నాను.

"జపానోళ్లకు బర్రెలు లెవ్వా?" అన్నాడు బాపు. "చేతులు ఖాళీగుంటె గిసొంటియే సూస్తయి మరి."

"నౌకరీ వస్తది బాపూ."

"బర్రెను పిండితె పాలన్న ఇస్తది. మనిషిని పిండితె ఏమిస్తడే?"

"ఫీజు ఇస్తడు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఇంట్లో మాటకు మాట చెప్పగలిగినవాళ్లకే మర్యాద. నా నోరు బాపు దగ్గర్నుంచి వచ్చిందేనని వాడకట్టంతా అనేవారు. బాపు చేయి కడుక్కుని లేచాడు. పొమ్మనలేదు, వద్దనీ అనలేదు. మరునాడు మధ్యాహ్నం నేను మెట్లెక్కాను.

ఆ గదిలో మొట్టమొదట నాకు కనిపించింది బొమ్మ. ఒంటి మీద ఎక్కడెక్కడ నొక్కాలో చూపించడానికి సార్ ధూల్‌పేట్‌లో వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్లకు చెప్పి నిలువెత్తు మనిషి బొమ్మ చేయించాడు. వాళ్లకు బొజ్జ లేని బొమ్మ చేయడం ఎట్లా వస్తుంది? తొండం ఒక్కటి మానేసి తక్కినదంతా మామూలుగానే చేసి పంపారు. బొద్దు చేతులు, గుండ్రని పొట్ట, దీవిస్తున్నట్టు చిరునవ్వు. ఆ పొట్ట మీద సార్ ఎర్రరంగుతో గీతలు గీసి, గీతల మీద చుక్కలు పెట్టి, ఇవి ప్రాణశక్తి నడిచే దారులు అని చెప్పేవాడు. తలనొప్పికి ఒక చుక్క, అజీర్తికి ఒక చుక్క, అత్తగారితో పడకపోతే దానికీ ఒక చుక్క ఉంటుందేమోనని నాకు అనుమానం. తోటి విద్యార్థులు గొప్పవాళ్లేం కాదు. ఎక్కడా కుదురుగా పనిచేయని ఒక కంపౌండరు, ఇద్దరు ముగ్గురు నిరుద్యోగులు. వాళ్లు ఆ బొమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి తలలూపుతుంటే నాకు నవ్వాగేది కాదు.

సార్ చుక్కల గురించి ఏం చెప్పినా గాలి మాటలే అనుకున్నాను. కానీ నొక్కే పద్ధతి మాత్రం ఆయన గట్టిగా నేర్పాడు. కింద చాప మీద మనిషిని పడుకోబెట్టి, పక్కన మోకాళ్ల మీద కూర్చోవాలి. చేయి బలం వాడకూడదు. మోచేయి వంగకూడదు. బొటనవేలు నిటారుగా పెట్టి, దాని మెత్త ఆనించి, నడుం ముందుకు వంచితే ఒంటి బరువు దానంతట అదే వేలి మీదికి దిగాలి. ఊపిరి వదిలేటప్పుడు దిగి, పీల్చేటప్పుడు లేవాలి. అభ్యాసానికి కింది బియ్యం దుకాణం నుంచి తెచ్చిన స్ప్రింగు త్రాసు పెట్టేవాడు. దాని మీద వేలు ఆనించి నొక్కుతుంటే ముల్లు ఒకచోట ఆగాలి, అదరకూడదు. కంపౌండరు నొక్కితే ముల్లు ఊగిపోయేది. నేను నొక్కితే దుకాణంలో బస్తా పెట్టినట్టు ఒక్కసారి చివరిదాకా పోయేది.

"నువ్వు కొడుతున్నావమ్మా. ఇది నొక్కడం కాదు" అనేవాడు సార్.

కొన్నాళ్లకు పరదా వెనక నాకు మొదటి పేషెంటును అప్పజెప్పాడు. కట్టెల అడితి యజమాని భార్య నాగమణమ్మ. ఆమెకు ఉన్న జబ్బు కూర్చోవడం. పొద్దున కూర్చుంటే రాత్రి పడుకునేటప్పుడే లేస్తుంది, లేచేటప్పుడు నడుం పట్టేస్తుంది. బోర్లా పడుకుని తన కోడళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను నడుం పక్కన వేలు ఆనించి ముందుకు వంగాను. ఆమె పెట్టిన కేకకు కింద బియ్యం కొంటున్నవాళ్లు మెట్ల దాకా వచ్చారు.

"వేలా, గునపమా? నన్ను సంపుతానికి పెట్టినవా సీతారామూ దీన్ని?" అంది నాగమణమ్మ.

మరునాడు నడుం మీద నల్లని మచ్చ చూపించి తిట్టి పోయింది. ఆమె మీద నాకేం జాలి కలగలేదు. కానీ సార్ ఆ సాయంత్రం నన్ను త్రాసు ముందు కూర్చోబెట్టి, నా చేయి దగ్గరగా చూశాడు. అప్పుడు నేనూ చూశాను. వేలు నిటారుగానే పెడతాను. బరువు పడగానే అది నాకు తెలియకుండానే అరచేతిలోకి మడుచుకుపోయి, మెటిక బయటికి వస్తోంది. నొక్కుతున్నది వేలితో కాదు, ఆ మెటిక ఎముకతో.

బర్రెల్ని పిండేవాళ్లందరి వేలూ అంతే. ఆవు చన్ను మెత్తన, బర్రె చన్ను గట్టి. బొటనవేలు లోపలికి మడిచి, మెటికకు చన్నును ఆనించి పిండితే తప్ప ధార పడదు. మా చుక్కబర్రె అయితే మరీ మొండిది. చిన్నప్పటి నుంచి పొద్దున, సాయంత్రం అట్లా మడిచిన వేలు, బరువు తగలగానే చన్ను దొరికిందనుకుంటుంది.

"పరీక్ష అయ్యేదాకా పిండడం మానెయ్యాలి" అన్నాడు సార్. "పొద్దున మడిచి మధ్యాహ్నం చాపితే ఈ వేలు నీకు ఎందుకూ పనికిరాదు. బర్రెలో, మనుషులో, ఏదో ఒకటి తేల్చుకో."

ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి నిజం అదే. అందుకే ఆయన మీద నాకు ఇంకా కోపం వచ్చింది.

ఇంట్లో ఎట్లా చెప్పాలా అని ఆలోచించలేదు. కొట్టంలోకి వెళ్లి నిలబడి చెప్పేశాను. బాపు చుక్కబర్రె వీపు మీద నీళ్లు పోసి గడ్డితో రుద్దుతున్నాడు.

"పరీక్ష దాకా నేను పిండ బాపూ."

"మరెవలు పిండుతరే?" అంది అమ్మ గడప మీద నుంచి.

"నేనేమన్న సచ్చిన్నా?" అన్నాడు బాపు. చెంబు కింద పెట్టలేదు, నావైపు తిరగనూ లేదు. "పో. పోయి జపాను చదువు చదువుకో."

అట్లా బకెట్ మళ్లీ బాపు చేతికి పోయింది, ఇంటి లెక్కంతా తలకిందులైంది.

ఒకప్పుడు జహనుమాలో మొగులయ్య పిండితే రెండిళ్ల అవతలికి ధార చప్పుడు వినబడేదని చెప్పుకునేవారు. ఆ ఎండాకాలం నేను చూసింది వేరే మనిషిని. పిండేవాళ్లెవరూ పొదుగు వైపు చూడరు. తల బర్రె డొక్కకు ఆనించి, కళ్లు ఎటో పెట్టి పిండుతారు, చేతులకు అన్నీ తెలుసు కనుక. బాపు మాత్రం తల కిందికి దూర్చి, తన చేతులనే చూసుకుంటూ పిండేవాడు. ధార బకెట్ అంచుకు తగిలి బయటికి పోయేది. చుక్కబర్రె విసుక్కుని కాలు ఝాడించేది. ఒకటికి రెండుసార్లు బకెట్ బోర్లా పడి పాలు పేడలో కలిశాయి. సగం పిండి వదిలేసిన పొదుగులు గట్టిపడేవి. బర్రెలు చేపడం, అంటే పాలు పొదుగులోకి వదలడం, తగ్గించాయి. వాడికల వాళ్లు ఒక్కొక్కరే ఫలక్‌నుమా డెయిరీవాళ్ల వైపు మళ్లారు.

నాకు జాలి కలగలేదు, చిరాకు కలిగింది. ఇన్నాళ్లూ కూర్చుని నాతో పిండించుకున్నందుకు ఈయనకు పని మీద ఒళ్లు వంగడం లేదు అనుకున్నాను. ఎదుటనే అన్నాను కూడా.

"బాపూ, కండ్లతోటి పిండుతున్నవా, చేతులతోటి పిండుతున్నవా?"

"నీకెందుకే డాక్టరమ్మా? పో, నీ బొమ్మ పొట్ట నొక్కుకో పో" అన్నాడు. కాలి కింద పాలు మడుగు కట్టి ఉన్నాయి.

అన్నకు ఇదంతా పండగ. కొట్టం తీసేసి అక్కడ గదులు కట్టి కిరాయికి ఇవ్వాలని వాడికి ఎప్పటి నుంచో ఉంది. ఒకరోజు బర్రెల దలాలును వెంటబెట్టుకుని వచ్చాడు. దలాలు చుక్కబర్రె నోరు తెరిచి పళ్లు చూస్తుండగా బాపు చేతికి అందిన కట్టె తీసుకున్నాడు.

"నా బర్రెలను అమ్మేటోడు ఇంక పుట్టలే. నేను సచ్చినంక రాండ్రి ఇద్దరు" అన్నాడు.

దలాలు చెప్పులు చేతబట్టుకుని పోయాడు. అన్న చెప్పులు వదిలేసి పోయాడు.

అమ్మ చంద్రమ్మ లొల్లి చేసే మనిషి కాదు. నాకు జడ వేస్తూ అడిగింది.

"చుక్కబర్రె ఒక్కటి పిండరాదే బిడ్డా? తక్కినయి మీ బాపు జూసుకుంటడు. ఒక్క బర్రెకు నీ వేలేం పోతది?"

"పోతదమ్మా."

"ఆయన దినాం పాలు పారబోస్తుంటె నాకు పానం పోతుంది."

"అయితె అన్నను పిండుమను."

అమ్మ జడ మధ్యలో వదిలేసి లేచిపోయింది. మిగతాది నేనే వేసుకున్నాను. కూర్చుని తినే కొడుకును పల్లెత్తు మాట అనదు. నా వేలు మాత్రం అందరిదీ. ఈ ఇంట్లో ఒక్కరి కోసం కూడా ఆ వేలు మడవకూడదని ఆ రోజు నిశ్చయించుకున్నాను.

నిజంగానే వేలు విచ్చుకోవడం మొదలైంది. ముందు వాపు వచ్చింది, తరువాత సన్నని నొప్పి పట్టింది, ఆ తరువాత ఒకనాడు త్రాసు మీద ముల్లు మధ్యలో ఆగి నిలబడింది. సార్ చప్పట్లు కొట్టాడు. బొమ్మ ఎప్పటిలాగే నవ్వుతోంది. ఆ వారంలోనే బీడీలు చుట్టే సత్తెమ్మ వచ్చింది. తల వంచి వంచి ఆమె మెడ బిగుసుకుపోయింది. నేను ఆమె మెడ పక్కన వేలు ఆనించి, ఊపిరి వదులుతూ మెల్లగా ముందుకు వంగాను. రాయిలా ఉన్నచోట లోపల ఏదో ఒకటి లొంగింది. నా వేలు దాన్ని విన్నది, అంతకంటే ఎట్లా చెప్పాలో తెలియదు. కాసేపటికి సత్తెమ్మ నిద్రపోయింది. పరదా వెనక కూర్చుని ఆమె గురక వింటుంటే నాకు చాలా సంతోషమేసింది. ఇది నా పని, ఇక దీన్ని ఎవరికీ ఇవ్వను అనుకున్నాను. బయటికి వచ్చి కంపౌండరుతో మాత్రం, బీడీ వాసనకు తలనొప్పి వచ్చిందన్నాను.

ఆషాఢం వచ్చింది. లాల్ దర్వాజా వైపు బోనాల సందడి మొదలవుతుండగా బొంబాయి మేడం వస్తున్నట్టు తెలిసింది. పరీక్షకు సార్ ఒక షరతు పెట్టాడు. ప్రతి ఒక్కరూ తమ ఇంటి మనిషినే తెచ్చుకుని, మేడం ఎదుట వాళ్లకే చికిత్స చేసి చూపించాలి. ఇంటివాళ్లే నమ్మి పడుకోకపోతే బయటివాళ్లు ఎట్లా పడుకుంటారు అని ఆయన వాదన. మనిషి లేకుండా వస్తే పరీక్షకు కూర్చోనివ్వరు.

అమ్మను అడిగాను.

"పదిమంది ముందట బోర్ల పండుకుందునా? సిగ్గు శరం లేదా?" అంది.

అన్నను అడిగాను, నోరు కట్టుకుని.

"కొట్టం తీసేతందుకు బాపును ఒప్పియ్యి. గప్పుడు ఏడ పండుకోమంటె ఆడ పండుకుంట" అన్నాడు.

బాపును అడగలేదు. పాలు పారబోసే మనిషి దగ్గర చేయి చాపడం నాకు నామోషీ.

పరీక్ష రోజు ఒంటరిగానే వెళ్లాను. బొంబాయి మేడం పొట్టి జుట్టు, నేత చీర, పెద్ద కళ్లజోడు. బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి, యే గణపతి కౌన్ హై అని అడిగింది. సార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ ఒక్క మాటకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. కంపౌండరు వాళ్ల మామను నొక్కాడు. నిరుద్యోగులు ఒకడి తమ్ముణ్ణి ఒకడు అప్పు తెచ్చుకుని నొక్కారు. నా పేరు పిలిచారు. ఇంటి మనిషి ఎవరూ రాలేదని చెప్పడానికి లేచి నిలబడ్డాను.

"వచ్చిన్లే. ఒర్రకు, లొల్లి జెయ్యకు" అని మెట్ల దగ్గర్నుంచి వినబడింది.

బాపు. చేతిలో ఖాళీ పాల క్యాన్లు, మోకాళ్ల దాకా ఎగగట్టిన లుంగీ, పేడ వాసన. క్యాన్లు తలుపు దగ్గర పెట్టి, బొమ్మను ఎగాదిగా చూశాడు.

"వీనికేం నొప్పి సారూ? మంచిగనే తింటున్నట్టుండు" అన్నాడు.

మేడంకు తెలుగు రాదు, అయినా నవ్వింది. బాపు అంగీ విప్పి చాప మీద బోర్లా పడుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. వీపు మీద వేలు ఆనించి ముందుకు వంగాను. వేలు మడుచుకోలేదు.

"గిదేనా? ఈగ వాలినట్టుంది. గింతకు నాలుగు నెలలు చదివినవా?" అన్నాడు బాపు చాపలోకి.

"మాట్లాడకు బాపూ. ఊపిరి ఇడువు."

"ఇడుస్తలేనా మరి? ఇడువకుంటె సస్తం గద."

అందరూ నవ్వారు. మేడం నా మోచేయి తాకి చూసి, అచ్ఛా అంది. వీపు అయింది, భుజాలు అయ్యాయి. భుజం దగ్గర ఒకచోట ఆయన మాట ఆగిపోయి, ఊపిరి పొడుగ్గా వచ్చింది. వెల్లకిలా తిప్పి కుడిచేయి అందుకున్నాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒక చుక్క ఉంటుంది. అక్కడ నొక్కితే ఎంతటి పహిల్వానైనా మొహం చిట్లిస్తాడు. మేం ఒకరినొకరం అక్కడ నొక్కి ఏడిపించుకునేవాళ్లం. నేను నొక్కాను. బాపు పైకప్పు వైపు చూస్తూ సార్‌తో కరువు సంగతి మాట్లాడుతూనే ఉన్నాడు.

మేడం వంగింది. ఇంకా నొక్కమని నాకు సైగ చేసింది. నొక్కాను.

"ఇధర్ దర్ద్ నై హోతా?" అని, అక్కడ నొప్పి పుట్టడం లేదా అని అడిగింది బాపును.

ఆయన ముందు తల ఎత్తి, నా వేలు ఎక్కడుందో చూశాడు. ఆ తరువాత, "హోతా అమ్మా. బహుత్ హోతా" అన్నాడు.

మేడం ఒక తువ్వాలు తీసి ఆయన కళ్ల మీద కప్పింది. ఒక్కొక్క వేలు పట్టుకోమని నాకు చూపించి, ఏ వేలు పట్టుకున్నానో చెప్పమని ఆయన్ను అడిగింది. నేను చిటికెన వేలు పట్టుకున్నాను. బాపు సరిగ్గానే చెప్పాడు. చూపుడువేలు పట్టుకున్నాను. ఆయన కాసేపు ఆగాడు.

"పెద్దది" అన్నాడు. బొటనవేలట.

మేడం నావైపు చూసి తల అడ్డంగా ఊపింది, ఇక పట్టుకోవద్దని. నేను చేతులు ఒడిలో పెట్టుకున్నాను.

"ఇప్పుడు నడిపి వేలు" అన్నాడు బాపు. ఎవరూ మాట్లాడకపోయేసరికి, "గాదా? అయితె సూపుడేలు" అన్నాడు.

మేడం తువ్వాలు తీసేసి, ఆయన మణికట్టు తిప్పి చూసి, హిందీలో మెల్లగా చెప్పింది. ఇక్కడ నరం నలిగిపోయిందని, ఏళ్ల తరబడి చేసిన పని వల్లనని, నొక్కితే వచ్చేది కాదని, పెద్ద డాక్టరుకు చూపించాలని, ముందు ఆ పని ఆపాలని. ఎప్పటి నుంచి ఇట్లా ఉందని అడిగింది.

"ఏమెరుక అమ్మా" అన్నాడు బాపు తెలుగులోనే. "ఈ పిల్ల పిండుతుండె గద. నాకు అక్కెర పడలె."

లేచి అంగీ తొడుక్కున్నాడు. గుండీలు పెట్టుకోకుండా దాన్ని ముందుకు లాక్కున్నాడు. ఇంట్లో కూడా ఆయన గుండీలు ఎప్పుడూ ఎందుకు పెట్టుకోడో నాకు అప్పుడు తెలిసింది. క్యాన్లు ఎడమచేత్తో ఎత్తుకుని, "పిల్ల పాసైనట్టేనా?" అని సార్‌ని అడిగాడు. సార్ మేడం వైపు చూశాడు. ఆమె తల ఊపింది. బాపు మెట్లు దిగి వెళ్లిపోయాడు. నేను కింద కూర్చునే ఉన్నాను. నాకు ఏడుపు వచ్చింది, ఆ కంపౌండరు ముందు ఏడవడం ఇష్టం లేక పళ్లు బిగబట్టాను. సార్ వచ్చి బొంబాయి వాళ్ల పద్ధతిలో నా చేయి పట్టుకుని ఊపాడు.

సాయంత్రం పిండే వేళకు కొట్టంలోకి వెళ్లాను. బాపు అప్పటికే బకెట్ తీసుకుని చుక్కబర్రె దగ్గర కూర్చోబోతున్నాడు. నేను బకెట్ లాక్కున్నాను.

"ఏందే గిది? ఇయ్యి ఇటు" అన్నాడు.

"జరుగు బాపూ."

"నీకు చేతగాదు ఇప్పుడు. చెయ్యి మెత్తగైంది. తంతది అది."

నేను వినిపించుకోలేదు. దుడ్డెను కాసేపు చీకనిచ్చి పక్కకు కట్టాను. తల చుక్కబర్రె డొక్కకు ఆనించి కూర్చున్నాను. ఇన్నాళ్ల తరువాత ఏమవుతుందోనని ఒక్క క్షణం భయమేసింది. వేలు చన్నుకు తగిలిందో లేదో, ఎవరూ చెప్పకుండానే లోపలికి మడుచుకుపోయింది. మొదటి ధార బకెట్ అడుగున టంగుమంది. చుక్కబర్రె ఒకసారి వెనక్కి చూసి, నమలడం మొదలుపెట్టింది. ఆ ఎండాకాలమంతా దాచుకున్నదంతా ఇచ్చేస్తున్నట్టు చేపింది. గడప మీద అమ్మ నిలబడింది. లోపల అన్న రేడియో కట్టేశాడు. రేపటి నుంచి నేనే పిండుతానని, నౌకరీ సంగతి తరువాత చూద్దామని చెప్పాలని మాటలు కూర్చుకుంటున్నాను. బకెట్ నిండి నురగ అంచు దాటింది.

లేచి బకెట్‌ను బాపు ముందు పెట్టాను. ఆయన వంగి దానిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. నురగ కారి ఆయన పాదాల మీద పడుతోంది.

"సగం గూడ రాలే" అన్నాడు.

నేను నిండిన బకెట్ వైపు వేలు చూపించాను.

"నీ చెయ్యి ఖరాబైపోయింది బిడ్డా. ఇంక నీతోటి గాదు" అని, గడప వైపు తిరిగి, "అరే ఎల్లప్పా, పొద్దుగాల ఆ దలాలును పిలుచుకరా" అన్నాడు.

అమ్మ బకెట్ వైపు చూసింది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, ఒలకకుండా మెల్లగా నడుచుకుంటూ లోపలికి తీసుకుపోయింది.